రూట్ పాస్‌వర్డ్ అడగని దొంగ

మొన్న బాబాయ్ ఫోన్ చేసి, "వైరస్ రాని కంప్యూటర్ ఏదో చెప్పరా, అదే కొనుక్కుంటాను" అన్నాడు. పదేళ్ల కిందట అడిగి ఉంటే "విండోస్ బదులు లైనక్స్ వేసుకో బాబాయ్" అని అక్కడికక్కడే తేల్చేసేవాణ్ణి. ఈసారి మాత్రం "రేపు చెప్తానుండు" అన్నాను.

నాకు లైనక్స్ పిచ్చి పట్టింది ఒక పెన్ డ్రైవ్ వల్ల. విండోస్ ఎక్స్‌పీ రోజులవి. స్నేహితుడి దగ్గర ఏవో ఫైళ్లు ఎక్కించుకొచ్చి తెరిస్తే, అందులో "న్యూ ఫోల్డర్" అని పసుపుపచ్చ బొమ్మ. డబుల్ క్లిక్ చేశాను. ఏమీ తెరుచుకోలేదు. సరిగ్గా నొక్కలేదేమోనని మళ్లీ నొక్కాను! అది ఫోల్డర్ కాదు, ఫోల్డర్ బొమ్మ తగిలించుకున్న ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. మనం సెట్టింగ్ మార్చకపోతే విండోస్ ఫైలు పేరు చివర దాని రకం చెప్పే తోకను దాచేస్తుంది కదా, అందుకే నాకు కనబడలేదు. 2000 మే నెలలో ఈమెయిల్‌లో పాకిన ఐలవ్‌యూ వార్మ్ (తనంతట తానే వ్యాపించే మాల్వేర్) ఆడిన ఆటా ఇదే. పేరులో టీఎక్స్‌టీ (మామూలు రాత) తర్వాత వీబీఎస్ (నడిచే ప్రోగ్రామ్) అని ఉన్నా, జనానికి టీఎక్స్‌టీ వరకే కనబడింది. ప్రేమలేఖ అనుకుని తెరిచేశారు.

కాసేపటికి టాస్క్ మేనేజర్ తెరవబోతే "దీన్ని మీ అడ్మినిస్ట్రేటర్ ఆపేశారు" అని ఇంగ్లీషులో ఒక డబ్బా వచ్చింది. ఆ కంప్యూటర్‌కి అడ్మినిస్ట్రేటర్‌ని నేనే. అసలు చిక్కంతా అక్కడే ఉందని చాలాకాలం తర్వాత గానీ అర్థం కాలేదు. ఎక్స్‌పీలో ఇంట్లో వాడే ఖాతాకి మామూలుగా సర్వాధికారాలూ ఉండేవి. నేను ఏది నొక్కితే దానికి నా అధికారాలన్నీ దక్కేవి.

అదే పెన్ డ్రైవ్‌ని, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్ లైవ్ సీడీతో తెరిచి చూశాను. దాచిన ఫైళ్లన్నీ బయటపడ్డాయి. పెన్ డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రామ్‌ని నడిపించే ఆటోరన్ ఫైలు, పక్కనే ఆ ఈఎక్స్‌ఈ, చచ్చిన బొద్దింకల్లా పడి ఉన్నాయి. చెరిపేశాను. ఆ రోజు నుంచి కొన్నేళ్లపాటు కనబడ్డవాళ్లందరికీ ఒకటే ఉపదేశం. లైనక్స్‌లో దించుకున్న ఫైలుకి నడిచే అనుమతి దానంతటదే రాదు, సాఫ్ట్‌వేర్ డిజిటల్ సంతకం ఉన్న రిపాజిటరీ (లైనక్స్ అందించేవాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ గోడౌన్) నుంచి వస్తుంది, సిస్టమ్‌ని ముట్టుకోవాలంటే రూట్ (లైనక్స్‌లో సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ కావాలి. ఇవన్నీ నిజాలే. డెస్క్‌టాప్ మీద లైనక్స్ వాడేవాళ్లు తక్కువ గనక దొంగలు అటు చూడటం లేదని ఎవరైనా అంటే మాత్రం కోపం వచ్చేది. అదీ నిజమే.

దొంగలు ఎల్లకాలం అటు చూడకుండా ఉండరన్న సంగతి మ్యాక్ వాళ్లకు 2012లో తెలిసొచ్చింది. జావా అనే సాఫ్ట్‌వేర్‌లోని ఒక కంతలోంచి ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ దాదాపు 6 లక్షల మ్యాక్‌లలో దూరింది. ఆ కంతను జావా తయారుచేసే ఒరాకిల్ ఫిబ్రవరిలోనే పూడ్చినా, యాపిల్ తన జావాకి ఆ ప్యాచ్ ఇచ్చేసరికి ఏప్రిల్ వచ్చింది. ఈలోగా విండోస్ చాలా మారింది. విస్టా నుంచి అనుమతి అడగడం మొదలుపెట్టింది (విసిగించేది, నిజమే). విండోస్ 7 పెన్ డ్రైవ్‌ల ఆటోరన్ ఆపేసింది. విండోస్ 8 నుంచి యాంటీవైరస్ లోపలే వస్తోంది. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్) విండోస్ మీద విరుచుకుపడినప్పుడు కూడా, దానికి మందు మార్చి 14నే వచ్చి ఉంది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. నేను నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

ఒక రాత్రి ఏ పనీ చేయకుండానే నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తింది. నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే టాప్ కమాండ్ కొట్టి చూస్తే కేవర్కర్ అనే ప్రాసెస్ ప్రాసెసర్ మొత్తం తినేస్తోంది. కేవర్కర్ అంటే లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌కి సొంత పనివాడు, అనుమానించాల్సిన పేరు కాదు. కానీ దాని పక్కన యజమాని గడిలో రూట్ అని ఉండాలి. నా పేరు ఉంది. వేళకు వాటంతటవే నడవాల్సిన పనుల జాబితా, క్రాన్‌టాబ్ తెరిస్తే నేను రాయని లైను ఒకటి, ప్రతి పది నిమిషాలకీ దాన్ని లేపుతోంది. నా కరెంటుతో ఎవరికోసమో క్రిప్టో నాణేలు తవ్వుతోందన్నమాట. ఎలా వచ్చింది? రెండు రోజుల ముందు ఏదో పేజీలో "ఈ ఒక్క లైను టెర్మినల్‌లో పేస్ట్ చేయండి" అంటే చేశాను. చదవకుండా చేశాను. అప్పటి న్యూ ఫోల్డర్‌కీ దీనికీ తేడా ఏముంది?

అది రూట్ పాస్‌వర్డ్ అడగనే లేదు. దానికి అక్కర్లేదు. ఆ పాస్‌వర్డ్ కాపాడేది ఆపరేటింగ్ సిస్టమ్‌ని. దాన్ని అరగంటలో మళ్లీ వేసుకోవచ్చు. నా ఫొటోలు, బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న ఖాతాలు, దూరంగా ఉన్న సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ తాళాల ఫోల్డర్, ఇవన్నీ ఉండేది హోమ్ అనే నా సొంత ఫోల్డర్‌లో. నా పేరుతో నడిచే ఏ ప్రోగ్రామ్ అయినా వాటిని చదవగలదు. లైనక్స్‌లో తెర మీద విండోలు చూపే పాత ఏర్పాటు ఎక్స్11లో అయితే పక్క విండోలో నేను కొట్టే అక్షరాల్ని కూడా వినగలదు. దాని బదులు వేలాండ్ వచ్చాక అది ఆగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వీడికి మాత్రం లోపలికి దారి చూపింది నేనే.

నాకు కాస్త మింగుడుపడని విషయం, ఈ ఒక్క చోట మ్యాక్ ముందుంది. 2019లో వచ్చిన కటాలినా అనే మ్యాక్ వెర్షన్ నుంచి, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలోకి యాప్ తొంగిచూడాలంటే మనల్ని అడగాలి. విండోస్‌లో రాన్సమ్‌వేర్ ఫైళ్లను మార్చకుండా ఆపే ఏర్పాటు ఉంది గానీ, మనం వెతికి ఆన్ చేసుకోవాలి. లైనక్స్‌లో ఫ్లాట్‌ప్యాక్ అనే పద్ధతిలో వచ్చే యాప్‌లు గిరి గీసుకునే నడుస్తాయి, కాకపోతే వాటిలో చాలావాటికి హోమ్ మొత్తం చూసే అనుమతి ముందే రాసి ఉంటుంది.

సరే, రిపాజిటరీ అయినా భద్రమేనా అంటే, 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ అనే చిన్న లైబ్రరీలోనే (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) దొంగ తలుపు బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి దొరికింది. ఎక్కువమంది వాడే స్థిరమైన వెర్షన్లలోకి అప్పటికింకా చేరలేదు, బతికిపోయాం. అర సెకను తేడా నేనైతే గమనించేవాణ్ణి కాదు. ఫ్యాన్ హోరెత్తితే గానీ లేవలేదు కదా!

సిస్టమ్ తిరిగి వేసుకోవడానికి ఆ రాత్రి అరగంట పట్టింది. తాళాలు, పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చడానికి రెండు సాయంత్రాలు.

నిన్న బాబాయ్‌కి తిరిగి ఫోన్ చేశాను. ఇప్పుడున్నది ఏ విండోస్ అని అడిగితే పది అన్నాడు. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయాయని చెప్పాను.

"మరి అంతకుముందు అప్‌డేట్ అడిగినప్పుడు ఏం చేసేవాడివి?"

"తర్వాత గుర్తుచెయ్యి అని ఒక బటన్ ఉంటుందిరా, అది నొక్కేవాణ్ణి" అన్నాడు.