మైక్రోబయాలజీ డిగ్రీ: స్లైడు దగ్గర మొదలై స్టెరైల్ ల్యాబ్ దాకా – నా అనుభవం

మైక్రోబయాలజీ తీసుకుంటే తర్వాత ఏం చేయొచ్చు అని జూనియర్లు చాలామంది అడుగుతున్నారు, అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మొదటి సంవత్సరం థియరీ బాగా నచ్చింది. రాబర్ట్ కాఖ్ 1882లో టీబీ క్రిమిని కనిపెట్టాడు అని అందరిలాగే ఒక లైన్ బట్టీ పట్టాను, కానీ పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా మంచి మీడియాలో (దానికి పెట్టే ఆహారంలో) 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంటే ఈ టీబీ క్రిమికి అదే పనికి 15 నుంచి 20 గంటలు పడుతుందని తెలిశాక, ఆయన ఎన్ని వారాలు ఓపిగ్గా ఎదురుచూసుంటాడో అనిపించి ఆ లైన్ మీద గౌరవం పెరిగింది.

అసలు కష్టం ప్రాక్టికల్స్‌లో మొదలైంది. బాక్టీరియాకి రంగులేసి రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయినింగ్‌కి పుస్తకంలో నాలుగే స్టెప్పులు, క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్. ఊదా రంగు వస్తే గ్రామ్ పాజిటివ్, గులాబీ వస్తే నెగటివ్. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా ఊదా రంగులో కనపడాలి, నాకు మూడు వారాలు వరసగా గులాబీ రంగులోనే వచ్చింది, ఏడుపొచ్చేది. చివరికి మేడమ్ నా పక్కన నిలబడి చూసి, "ఆల్కహాల్ అంతసేపు పోస్తే ఉన్న రంగంతా పోతుంది, చుక్కలో రంగు కారడం ఆగగానే నీళ్ళు పొయ్యాలి" అన్నారు. ఇంకో సంగతి కూడా ఉంది, నేను వాడిన కల్చర్ (పెంచిన బాక్టీరియా) పాతది, వయసైపోయిన కణాల గోడ బలహీనపడి గ్రామ్ పాజిటివ్ కూడా నెగటివ్‌లా కనపడుతుంది. 18 నుంచి 24 గంటల కల్చర్ తీసుకుని మళ్ళీ చేస్తే ద్రాక్షగుత్తుల్లా ఊదారంగులో కనపడ్డాయి, ఆ రోజు మైక్రోస్కోప్ దగ్గర్నుంచి లేవబుద్ధి కాలేదు.

రెండో సంవత్సరమంతా ప్లేట్లతోనే గడిచింది. ఒకసారి అగార్‌ని, అంటే బాక్టీరియా పెరిగే జెల్లీని, బాగా వేడిగా ఉన్నప్పుడే ప్లేట్లలో పోసేశాను, మూత లోపల ఆవిరి చేరింది, పైగా ప్లేట్లు తలకిందులుగా పెట్టకుండా ఇంక్యుబేటర్లో పెట్టాను, పొద్దున చూస్తే నీటిచుక్కలు పడి కాలనీలన్నీ (బాక్టీరియా గుంపులన్నీ) ఒకదాంట్లో ఒకటి కలిసిపోయున్నాయి, వారం పని పోయింది. ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నా, ఏం చేశానో, ఏ టైంకి చేశానో, ఏది తప్పిందో అదే రోజు పెన్నుతో నోట్‌బుక్‌లో రాయడం, కొట్టేస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన తేదీ వేయడం. అప్పుడు అది మార్కుల కోసం అనుకున్నా.

మూడో సంవత్సరం ప్రాజెక్టులో మట్టి నుంచి అమైలేజ్ (స్టార్చ్‌ని విడగొట్టే ఎంజైమ్) తయారుచేసే బాక్టీరియా వెతికాను. మట్టిని పది రెట్ల చొప్పున పలచన చేసుకుంటూ వెళ్ళి స్టార్చ్ అగార్ మీద పరవాలి, కాలనీలు వచ్చాక అయోడిన్ పోయాలి. ప్లేటంతా నల్లటి నీలంగా మారుతుంది, ఎక్కడ స్టార్చ్‌ని తినేసిందో ఆ కాలనీ చుట్టూ మాత్రం తెల్లగా వలయం మిగులుతుంది. నా పదమూడో ప్లేట్లో అంత పెద్ద వలయం చూసి ల్యాబ్‌లో అందర్నీ పిలిచేశా. టెస్టులన్నీ చేసి బాసిల్లస్ అనే ప్రజాతి (జీనస్) అని తేల్చాం, ఏ స్పీసీస్ అన్నది మాత్రం తేలలేదు. దాన్ని గ్లిసరాల్ స్టాక్‌లో (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి) దాచి పెట్టమని మేడమ్‌ని బతిమాలాను.

డిగ్రీ అయ్యాక చాలా నెలలు తిరిగాను. నాకు ముందే ఎవరూ చెప్పని విషయం ఏంటంటే, ఈ డిగ్రీ ఉన్నంత మాత్రాన హాస్పిటల్ ల్యాబ్‌లో పేషెంట్ల శాంపిల్స్ చేయనివ్వరు, చాలా దేశాల్లో దానికి వేరే క్వాలిఫికేషన్, వేరే రిజిస్ట్రేషన్ ఉంటాయి, ఆ దారి కావాలనుకునేవాళ్ళు మొదట్లోనే కనుక్కోవాలి. రీసెర్చ్ అంటే ఎమ్మెస్సీ, ఆ పైన పీహెచ్‌డీ తప్పదు. డిగ్రీతోనే తలుపు తీసేవి ఎక్కువగా ఫార్మా, ఫుడ్, డెయిరీ, నీటి పరీక్షల ల్యాబ్‌లు, అక్కడ క్వాలిటీ కంట్రోల్ అనే పని.

నేను ఫార్మాలోకే వెళ్ళాను. ఇంటర్వ్యూలో పెద్ద థియరీ ఏం అడగలేదు. ప్లేట్లు తలకిందులుగా ఎందుకు పెడతారు అన్నారు, నా దగ్గర ఆ పాడైపోయిన వారం మొత్తం ఉంది కదా, చెప్పాను. తర్వాత లక్షో వంతు పలచన చేసిన దాంట్లోంచి 0.1 ఎంఎల్ పరిస్తే 47 కాలనీలు వచ్చాయి, అసలు శాంపిల్‌లో ఎంఎల్‌కి ఎన్ని అన్నారు, 4 కోట్ల 70 లక్షలు. నోట్‌బుక్ చూపించమన్నారు, ఒక్క గీతతో కొట్టేసిన పేజీ దగ్గర ఆగి చాలాసేపు చూశారు. ఉద్యోగం అక్కడే వచ్చిందని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ రాయని పని చేయనట్టే లెక్క.

ఇక పని ఎలా ఉంటుందంటే, ఇంజెక్షన్ మందుల్లో ఒక్క క్రిమి కూడా లేదని చూసే స్టెరిలిటీ టెస్ట్ పెడితే 14 రోజులు ఆగాలి, గాల్లో ఏముందో చూడ్డానికి ప్లేట్లు తెరిచి పెట్టాలి, నీళ్ళు టెస్ట్ చేయాలి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ 121 డిగ్రీలకి వెళ్ళిందని టేపు రంగు మారినంత మాత్రాన నమ్మకూడదు, వేడికి ఓ పట్టాన చావని జియోబాసిల్లస్ అనే బాక్టీరియా స్పోర్లు (గట్టి పొర కట్టుకున్న రూపం) లోపల పెట్టి అవి కూడా చచ్చాయో లేదో చూడాలి. రోజూ అదే పని కాబట్టి కొందరికి విసుగొస్తుంది, అది నిజమే. నాకు మాత్రం ఆ మందు ఎవరి రక్తంలోకి వెళ్తుందో అనే ఆలోచన ఉన్నంతకాలం విసుగు రాలేదు.

మా బ్యాచ్‌లో ఒకళ్ళు మురుగునీటి శుద్ధిలో ఉన్నారు, ఇంకొకళ్ళు కంప్యూటర్ మీద జీనోమ్‌లు చదివే పనిలోకి మారారు, ఒకళ్ళు బాక్టీరియాని చంపే వైరస్‌లైన ఫాజ్‌ల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు.

రెండేళ్ళ తర్వాత మేడమ్ ఫోన్ చేసి, నా బాసిల్లస్‌కి 16ఎస్ సీక్వెన్సింగ్ (బాక్టీరియాని గుర్తుపట్టడానికి ఒక జీన్‌ని చదవడం) చేయించామన్నారు. సబ్టిలిస్ గ్రూప్ అని వచ్చింది, కానీ ఆ గ్రూప్‌లో స్పీసీస్‌లు మరీ దగ్గరివి, 16ఎస్ ఒక్కదాంతో విడదీయడం కుదరదు, వేరే జీన్లు చదవాలి. "నువ్వే వచ్చి చెయ్యరాదూ" అన్నారు. వచ్చే నెల ఎమ్మెస్సీలో చేరుతున్నా, మొదటి పని అదే.