పక్షవాత చికిత్సలో నర్స్ ప్రాక్టీషనర్ పని ఏమిటి?

టెక్సస్‌లోని ఒక ఆసుపత్రిలో పక్షవాత చికిత్స బృందంలో నర్స్ ప్రాక్టీషనర్‌గా పనిచేస్తున్నానంటే, మనవాళ్ళు సాధారణంగా అడిగేది "ఇంతకీ నువ్వు డాక్టరువా, నర్సువా?" అని. నర్సునే. అయితే పైచదువు చదివి, రోగిని పరీక్షించి, స్కాన్లకూ మందులకూ ఆర్డర్లు రాసే అర్హత పొందిన నర్సును. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి ప్రారంభించిన శిక్షణతో ఈ వృత్తి మొదలైంది. టెక్సస్ చట్టం ప్రకారం మందులు రాయాలంటే ఒక వైద్యుడితో రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి.

మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి, ఆ గడ్డను కరిగించే ఇంజక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోయినవారిలో కొందరికి, మెదడులో కాపాడదగిన భాగం ఇంకా ఉందని స్కాన్‌లో తేలితే, సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి తీయడం 24 గంటల వరకు ఉపయోగపడుతుందని 2018లో వెలువడిన పరిశోధనలు చూపాయి. రోగి ఆసుపత్రికి చేరిన 60 నిమిషాలలోగా ఇంజక్షన్ పడాలన్నది ఇక్కడ చాలాకాలంగా ఉన్న లక్ష్యం. ఆ గంటలో ఎమర్జెన్సీ వైద్యులు, సీటీ టెక్నీషియన్, ఫార్మసిస్ట్, న్యూరాలజిస్ట్ ఎవరి పని వారు శ్రద్ధగానే చేస్తారు. నేను చూసినంతలో నిమిషాలు జారిపోయేది రోగి ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోట. బరువు తెలియక మోతాదు లెక్క ఆగిపోతుంది, రక్తపోటును 185/110 కన్నా దించే మందుకు ఎవరూ ముందుగా ఆర్డరు పెట్టరు, అన్నీ తెలిసిన భార్య వెయిటింగ్ హాల్లో కూర్చుండిపోతుంది. ఆ ఖాళీలను పూడ్చడమే నా పనిలో ముఖ్యభాగం.

పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. "ఎప్పుడు వచ్చింది?" అని అడిగితే, తాము చూసిన సమయాన్నే పిల్లలు చెబుతారు. మాకు కావలసింది వేరు కాబట్టి, "అమ్మా, నాన్నగారు మామూలుగా మాట్లాడగా చివరిసారి ఎప్పుడు విన్నారు?" అని అడుగుతాను, నిద్రలో వచ్చిన పక్షవాతానికైతే రాత్రి పడుకున్న వేళ నుంచే లెక్క. రెండో ప్రశ్న మందుల సంచి గురించి. భారతదేశంలో రక్తం గడ్డకట్టకుండా చాలామంది వాడే అసిట్రోమ్, అంటే అసినోకుమరాల్, అమెరికాలో దొరకదు కనుక ఇక్కడివారికి ఆ పేరు చూడగానే వెలగకపోవచ్చు. అది వేసుకుంటున్న మనిషికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే పరీక్ష అంకె) 1.7 దాటి ఉంటే ఆ ఇంజక్షన్ ఇవ్వకూడదు.

ఇంజక్షన్ తర్వాతి రోజుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నా దృష్టిలో అసలు సమన్వయం అప్పుడే మొదలవుతుంది. మొదటి రెండు గంటలూ 15 నిమిషాలకోసారి రక్తపోటు చూడాలి. మింగగలుగుతున్నారో లేదో పరీక్షించే వరకు మాత్ర కూడా నోట్లో వేయకూడదు, ప్రేమకొద్దీ మంచినీళ్ళు పట్టబోయే బంధువులను ఆపడమూ మా పనే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 పక్షవాత యూనిట్లలో జరిగిన అధ్యయనం 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. జ్వరం, చక్కెర, మింగుడు, ఈ మూడింటినీ నర్సులు ఒక పద్ధతి ప్రకారం చూసుకున్న చోట, 90 రోజుల తర్వాత మరణించిన లేదా ఇతరులపై ఆధారపడిన వారు మొత్తమ్మీద తక్కువగా ఉన్నారని అది తేల్చింది. ఖరీదైన యంత్రమేదీ దీనికి అక్కరలేదు.

వైద్యులు షిఫ్టుల ప్రకారం మారుతుంటారు. చేరిన రోజు నుంచి డిశ్చార్జి దాకా రోగి కథ అంతా తెలిసిన మనిషి ఒకరుండాలి. ఇండియాకు తిరిగి వెళ్ళేవారికైతే డిశ్చార్జి కాగితంలో అమెరికా బ్రాండ్ పేర్లకు బదులు మందుల అసలు పేర్లు, మోతాదులు రాస్తాను. తదుపరి స్కాన్ ఎప్పుడు తీయించాలో, ఏ మందు ఏ తేదీన ఆపాలో ఇంట్లోవారి చేత ఒకసారి పైకి చదివిస్తాను.