ఓస్తియొనాల్ మట్టిదారిలో సైకిల్ మీద

నొసారా నుంచి ఓస్తియొనాల్‌కు చాలామంది జీపుల్లో వెళ్తారు. నేనూ మా బావమరిదీ సైకిళ్ల మీదే వెళ్లాలని హ్యూస్టన్‌లో విమానం ఎక్కకముందే తీర్మానించుకున్నాం. కోస్తారికాలో పసిఫిక్ తీరాన, నికోయా ద్వీపకల్పం అంచున ఉన్న పల్లెలివి. నవంబరు నెల, వానలు వెనక్కి తగ్గుతున్న రోజులు. మన లెక్కలో బహుళ పక్షం. ఓస్తియొనాల్‌లో సముద్ర తాబేళ్లు వేలకు వేలుగా ఒక్కసారే ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. దాన్ని అక్కడివాళ్లు అరిబాదా అంటారు. అది ఎక్కువగా బహుళ అష్టమి దాటి అమావాస్య దగ్గరపడే రోజుల్లోనే జరుగుతుంది. అందుకే పంచాంగం చూసుకుని మరీ సెలవు పెట్టాం.

సైకిళ్లు నొసారాలో అద్దెకు దొరికాయి. వెడల్పాటి టైర్లు, ముందు చక్రానికి సస్పెన్షన్, డిస్కు బ్రేకులు. అద్దెకిచ్చిన కుర్రాడు టైర్లలో గాలి కాస్త తగ్గించి ఇచ్చాడు. కంకర మీద గాలి నిండుగా ఉన్న టైరు ఎగిరెగిరి పడుతుంది, మెత్తగా ఉంటే నేలను పట్టుకుంటుంది. ఉప్పుగాలికి చైను తుప్పు పట్టకుండా రోజూ సాయంత్రం మంచినీళ్లతో కడిగి నూనె వేయమని కూడా చెప్పాడు. ఆ ఊళ్లో ఎండాకాలం దుమ్ము లేవకుండా మట్టివీధుల మీద చెరకు మడ్డి చల్లుతారట.

మేము తొక్కింది 160వ నంబరు రోడ్డు. పేరు పెద్దదే కానీ, ఆ భాగమంతా కంకర పరిచిన మట్టిదారి. వానాకాలమంతా బళ్లు తిరిగి తిరిగి, దారికి అడ్డంగా వరసగా గట్లు లేచాయి. నెమ్మదిగా వెళ్తే ఒక్కో గట్టూ మణికట్టును కుదిపేస్తుంది. వేగం పెంచి, సీటు మీద నుంచి లేచి, మోకాళ్లు వదులుగా ఉంచితే టైర్లు గట్ల కొసల మీదుగా సాగిపోతాయి. బావమరిదికి ఇది తొలి కిలోమీటరులోనే పట్టుబడింది. నాకు ఇంకాస్త సమయం పట్టింది.

తెల్లవారకముందే బయలుదేరడం ఎంత మంచిదైందో. చెట్ల మీద హౌలర్ కోతులు అరవడం మొదలుపెట్టాయి. శరీరం చూస్తే మన కొండముచ్చు పాటి కూడా ఉండదు, గొంతు మాత్రం కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. కరెంటు తీగలు పట్టుకుని చనిపోయే కోతులు ఆ ప్రాంతంలో ఎన్నో. అందుకే రోడ్డుకు ఇటూ అటూ ఉన్న చెట్లను కలుపుతూ పైన తాళ్ల వంతెనలు కట్టారు. ఒకచోట ఆగి చూస్తుంటే, పిల్లను వీపున మోస్తూ ఒక తల్లికోతి మా నెత్తి మీదుగా తాడు పట్టుకుని దాటింది. జీపులో ఉంటే ఇంజను మోతలో ఆ కేకా వినబడదు, పైకి తలెత్తి చూడాలనీ తోచదు. ఇలాంటి చోటికి సైకిల్‌ను మించిన వాహనం లేదని ఆ ఉదయమే నాకు గట్టిగా అనిపించింది.

దారి పొడవునా తెలిసిన చెట్లు పలకరిస్తూనే ఉన్నాయి. మామిడి, చింత, వరసలు తీర్చి నాటిన టేకు తోటలు. సముద్రాలు దాటి వెళ్లి అక్కడ స్థిరపడిపోయినవి. వాటి మధ్య కాండమంతా ముళ్లున్న పొచోటే చెట్లూ, గొడుగు పట్టినట్టుండే గ్వానకాస్తే చెట్లూ. ఈ గ్వానకాస్తే ఆ దేశపు జాతీయ వృక్షం, ఈ పల్లెలున్న రాష్ట్రానికీ అదే పేరు.

మధ్యలో మోంటాన్యా అనే ఏరు దాటాలి. వానలు జోరుగా ఉన్నప్పుడు జీపులు కూడా ఇక్కడ ఆగిపోతాయి. మేము వెళ్లేసరికి నీళ్లు మోకాళ్ల కిందికి దిగాయి. ఎవరైనా దాటేదాకా ఆగి, వాళ్లు ఏ వరసన దాటారో చూసి దిగమని దారిలో ఒక పెద్దాయన చేతి సైగలతో చెప్పాడు. ఒక మోటారు సైకిల్ దాటాక, దాని వెనకే సైకిళ్లు భుజాన వేసుకుని దాటాం. నొసారా నది సముద్రంలో కలిసేచోట మడ అడవిలో మొసళ్లున్నాయి కాబట్టి, అటువైపు నీళ్లలో దిగవద్దని ముందు రోజే అందరూ చెప్పారు. కోరింగ మడ అడవులు చూసినవాళ్లకు ఆ బురద వాసన కొత్తేమీ కాదు.

ఓస్తియొనాల్ వన్యప్రాణి శరణాలయం 1980ల తొలి సంవత్సరాల్లో ఏర్పడింది. తీరం వెంబడి దాదాపు 15 కిలోమీటర్లు, ఒడ్డు నుంచి లోపలికి 200 మీటర్లు. అంతే. అడవి అని ఊహించుకుని వెళ్తే బడి, ఫుట్‌బాల్ మైదానం, కిరాణా కొట్టు కనిపిస్తాయి. ఊరూ తాబేళ్లూ ఆ సన్నటి పట్టీని పంచుకుని బతుకుతున్నాయి.

అరిబాదా సమయంలో ఊరి గైడు లేకుండా ఒడ్డు మీదికి పోనివ్వరు. రాత్రి మమ్మల్ని తీసుకెళ్లిన ఆవిడ దగ్గర ఎర్ర దీపం తప్ప మరేదీ లేదు. తెల్లటి వెలుతురు పడితే తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలు దారి తప్పుతాయి. ఫోన్లు జేబుల్లో పెట్టించింది. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక తెలిసింది, ఇసుకంతా కదులుతోందని. అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేదు. ఒక తాబేలు మాకు రెండు గజాల దూరంలో వెనక కాళ్లతో గొయ్యి తవ్వింది. ఒక కాలు దొప్పలా వంచి ఇసుక తీస్తుంది, బయట వేస్తుంది, అప్పుడు రెండో కాలు. తర్వాత మెత్తటి పెంకు గుడ్లు రెండేసి, మూడేసి జారిపడ్డాయి. ఒక్కో గూటిలో వందకు అటూ ఇటూ ఉంటాయి. ఒంట్లోని ఉప్పును బయటికి పంపే ద్రవం కళ్ల నుంచి కారుతూనే ఉంది. చివరికి గొయ్యి పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్ట డిప్పతో ఇసుకను దిమ్మిస చేసింది. ధన్, ధన్ మని రోకటి పోటులా ఆ చప్పుడు నా పాదాలకు తగిలింది.

నేను భీమిలి దగ్గర పెరిగాను. ఇవే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మా తీరానికీ వస్తాయి. చిన్నప్పుడు నేను చూసినవన్నీ చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవే. ట్రాలర్ వలల్లో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక మునిగిపోయినవి. బతికున్న తాబేలు ఊపిరి వదలడం అంత దగ్గర నుంచి వినడం నాకు అదే మొదలు. చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

తెల్లారాక చూసింది ఇంకో సంగతి. ఊరివాళ్లు గోతాలతో ఒడ్డుకు వచ్చారు. మగవాళ్లు మడమలతో ఇసుకను తొక్కి, మెత్తగా దిగిన చోట గూడు ఉందని గుర్తిస్తారు. ఆడవాళ్లు కూర్చుని చేతులతో తవ్వి గుడ్లు తీస్తారు. 1987 నుంచి ఇది చట్టబద్ధం. అరిబాదా మొదలైన తొలి 36 గంటల్లోనే తీయాలి. ముందు వచ్చినవి పెట్టిన గుడ్లను వెనక వచ్చిన తాబేళ్లు ఎలాగూ తవ్వి పాడుచేస్తాయి, అవి కుళ్లి పక్క గూళ్లనూ చెడగొడతాయి. ఇదీ దీని వెనక లెక్క. బదులుగా ఊరు ఒడ్డు శుభ్రం చేస్తుంది, దొంగతనంగా గుడ్లు తవ్వేవాళ్లను అడ్డుకుంటుంది, పిల్లలు బయటికొచ్చే రోజుల్లో కుక్కల నుంచీ గద్దల నుంచీ కాస్తుంది.

అక్కడి నుంచి ఉత్తరాన సాన్ హువానీయోకు వెళ్లే దారిలో నిట్టనిలువు ఎక్కుడు ఉంది. అన్నిటికన్నా చిన్న గేరులో కూడా తొడలు మండిపోయాయి. చివరికి దిగి సైకిళ్లు నెట్టుకుంటూ వాదులాడుకున్నాం.

"మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ గుడ్డు ముట్టుకుంటేనే నేరం బావా. ఇక్కడ గోతాల్లో నింపి అమ్ముతున్నారు. అనుమతి ఉన్న గుడ్డు బజారులోకి వస్తే, దాని చాటున దొంగ గుడ్డు కూడా రాదా?" అన్నాడు.

"వస్తుంది. కానీ ఆ ఊళ్లో రాత్రంతా కాపలా ఉన్నది ఎవరు? ఆ గుడ్ల డబ్బుతో పిల్లల్ని చదివించుకునేవాళ్లే. మన ఒడ్డున చట్టం ఉంది, తాబేలు చచ్చిపోయింది కూడా."

"మనవి చచ్చింది గుడ్ల వల్ల కాదు, వలల వల్ల. దానికీ దీనికీ ముడిపెట్టకు."

అతనన్న ఆ మాట నిజమే, ఒప్పుకున్నాను. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు. మన దగ్గర చేపలు పట్టేవాళ్లను దూరంగా నిలబెట్టి తాబేలును కాపాడాలని చూస్తున్నాం. ఓస్తియొనాల్‌లో ఆ పని ఊరి చేతికే ఇచ్చారు. సాన్ హువానీయో ఒడ్డున చేపా, అన్నమూ, నల్ల బీన్సూ తిని కొబ్బరి బొండాలు తాగేదాకా అదే వాదన నడిచింది. తిరిగి సైకిళ్లెక్కినా అతను ఒప్పుకోలేదు.