చేయలేకపోవడం, చేయబుద్ధి కాకపోవడం

గాజువాకలో నేను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చేవారిలో నడుము నొప్పితోనో మోకాళ్ల నొప్పితోనో నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి అవస్థ పడుతున్నవారే ఎక్కువ. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలికమని లెక్కిస్తాం. అలాంటివారిని కుంగుబాటు గురించి కూడా అడగాలని చదువుకునే రోజుల్లోనే విన్నాను గానీ, నిజంగా అడగడం మొదలుపెట్టింది రెండేళ్ల కిందటే. అంతవరకు కీలు ఎంత వంగుతోందో కొలిస్తే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి.

నేను వాడేది 2001లో వెలువడిన పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే కుంగుబాటు ఉందని తేల్చినట్టు కాదు, వైద్యుడు కూర్చుని వివరంగా మాట్లాడాలని అర్థం. చిక్కేమిటంటే నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, కదలికల మందగింపు, ఇవన్నీ నొప్పి వల్ల కూడా దెబ్బతింటాయి. పక్కకు తిరిగినప్పుడల్లా మెలకువ వచ్చే మనిషికి నిద్ర ప్రశ్నలో 3 పడడానికి దిగులే ఉండనక్కరలేదు. 1983లో వచ్చిన హాడ్స్ అనే ప్రశ్నావళి ఇటువంటి శారీరక లక్షణాలను చాలావరకు కావాలనే వదిలిపెట్టింది. అయితే నొప్పిని కుంగుబాటుగా లెక్కేయడం కన్నా, మన దగ్గర నేను ఎక్కువగా చూసేది దానికి తిరగబడిన పొరపాటు: అన్నింటినీ నొప్పి ఖాతాలోనే రాసేయడం.

అందుకే పనుల మీద ఆసక్తి గురించి, దిగులు గురించి అడిగే మొదటి రెండు ప్రశ్నల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. పెదగంట్యాడ నుంచి మోకాళ్ల నొప్పితో వచ్చే ఒకావిడ, ధనుర్మాసం నెల పొడుగునా వేసే ముగ్గులు ఈసారి మానేశానన్నారు. “మోకాళ్లు వంగవు కదా బాబూ” అన్నారు. వంగితే వేసేవారా అమ్మా అని అడిగాను. ఆవిడ మోకాలి మీది హాట్ ప్యాక్ అంచు సర్దుకుంటూ కాసేపు ఊరుకున్నారు. “కుర్చీలో కూర్చుని చుక్కల లెక్క చెప్పండత్తయ్యా, నేను వేస్తానంది కోడలు. చెప్పబుద్ధి కూడా కాలేదు బాబూ.”

వేయలేకపోవడం మోకాలి సంగతి. చెప్పబుద్ధి కాకపోవడానికి మోకాలితో పని లేదు. మన భాషలో ఈ తేడా క్రియలోనే వినిపిస్తుంది. కాగితం మీది అంకె దాన్ని పట్టుకోలేదు.

తొమ్మిదో ప్రశ్న చావు తలపుల గురించి. “పోతే పీడా పోతుంది” అని నొప్పితో ఉన్నవారు మాటవరసకు అంటూనే ఉంటారు కాబట్టి వినీ విననట్టు ఊరుకోవడం తేలిక. కానీ అక్కడ సున్నా కాక ఏది వచ్చినా, మొత్తం ఎంతన్నది చూడకుండా ఆ రోజే విడిగా మాట్లాడాలి.

ఆ తరువాతి మెట్టే కష్టం. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరెత్తితే చాలు, “నాకు పిచ్చనుకుంటున్నారా” అంటారు. అటువంటివారికి ముందుగా 14416 రాసిస్తాను. అది మానసిక ఇబ్బందుల కోసం ఉన్న టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆవిడ మాత్రం వెళ్లి చూపించుకున్నారు. డ్యులాక్సెటిన్ రాశారు. చీటీ నా ముందు పెట్టి, ఇది నొప్పి మాత్రా, దిగులు మాత్రా అని అడిగారు. రెండింటికీ వాడతారని చెప్పాను.

“అయితే ఇంట్లో నొప్పి మాత్రనే చెప్తాను” అన్నారు.