సావిన్ రాత్రి, గ్లాస్టన్‌బరీలో ఒక ఇల్లు

ఇంగ్లండులో, బ్రిస్టల్‌లోని మా స్కూల్ స్టాఫ్ రూంలో నా పక్కన ఒక టీచరు కూర్చునేవారు. ఆవిడ కూర్చునే చోట కిటికీ గట్టు మీద ఎప్పుడూ నాలుగు వస్తువులుండేవి. ఒక నున్నటి నల్లరాయి, ఒక ఈక, సగం కాలిన కొవ్వొత్తి, ఒక గవ్వ. నాలుగేళ్లు రోజూ చూశాను. బీచ్‌కి వెళ్లినప్పుడు ఏరి తెచ్చుకున్నారేమో అనుకున్నాను. రాయి నేలకి, ఈక గాలికి, కొవ్వొత్తి నిప్పుకి, గవ్వ నీళ్లకి అనీ, అది ఆవిడ పూజా పీఠమనీ ఆవిడ రిటైరైన రోజున గానీ నాకు తెలియలేదు. "ఇన్నేళ్లు నా పక్కన కూర్చున్నావు, నీకు చెప్పకుండా వెళ్లడం బాగుండదు" అన్నారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "నేను పేగన్‌ని" అన్నారు.

క్రైస్తవం రాకముందు యూరప్‌లో ఉన్న దేవతలనీ, నేలనీ, నీటినీ, రుతువులనీ మళ్లీ కొలుస్తున్నవాళ్లు తమని పేగన్లమని చెప్పుకుంటారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 74,000 మంది తమ మతం పేగన్ అని రాసుకున్నారు. మంత్రవిద్యని కూడా పూజలో భాగం చేసుకున్న పేగన్ శాఖ విక్కా. ఆ పేరు విడిగా రాసుకున్నవాళ్లు 13,000 మంది. వీళ్లందరికీ కలిపి ఒక గ్రంథం లేదు, ఒక పీఠాధిపతి లేరు. గుళ్లు కూడా బహు తక్కువ. అందుకని పూజ ఎక్కువగా ఇంట్లోనే జరుగుతుంది.

గత జులైలో మా అమ్మ పోయింది. టికెట్ దొరికి నేను తెనాలి చేరేసరికి మూడో రోజు. కర్మంతా అన్నయ్య చేశాడు. ఆడపిల్లని కాబట్టి నేను చేయాల్సిందంటూ ఏమీ లేకపోయింది. పదమూడు రోజులూ వచ్చినవాళ్లకి కాఫీలు ఇస్తూ తిరిగి, బ్రిస్టల్ వచ్చి మళ్లీ స్కూల్లో చేరాను. అక్టోబరులో ఆవిడ ఫోన్ చేశారు. "31న సావిన్. పోయినవాళ్లని తలుచుకునే రాత్రి. మా ఇంటికి రా, మీ అమ్మ ఫోటో తెచ్చుకో" అన్నారు. రాతలో చూస్తే ఆ మాటని సంహైన్ అని చదువుతాం గానీ పలికేది సావిన్. ఐరిష్ మాట, వేసవి ముగిసిందని అర్థం చెబుతారు. నా చెవికి మాత్రం మా ఊరివాళ్లు పలికే 'సావు' లాగే వినిపించింది. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ రోజు శుక్రవారం, హాఫ్ టర్మ్ సెలవులు. ఆవిడ ఉండే గ్లాస్టన్‌బరీకి రైలు లేదు. బ్రిస్టల్ నుంచి 376 నంబరు బస్సు వెల్స్ మీదుగా వెళ్తుంది. వెల్స్‌లో దిగి కేథడ్రల్ చూశాను. అందులో చాప్టర్ హౌస్ అనే సభామందిరంలో తలెత్తితే పైకప్పు రాళ్ల మీద ఆకుల మధ్య నుంచి చూస్తున్న ముఖాలు కనిపిస్తాయి. వీటికి గ్రీన్ మ్యాన్ అని పేరు పెట్టింది లేడీ రాగ్లన్ అనే ఆవిడ, 1939లో. చెక్కినవాళ్లు ఏమనుకుని చెక్కారో గానీ, ఇప్పుడు పేగన్ల తోటల్లో, గోడల మీద ఆ ముఖం అడవి దేవుడు. చర్చి కప్పు మీద నుంచి పెరటి గోడ మీదికి వచ్చిన ఆ ముఖాన్ని సాయంత్రం ఆవిడ ఇంట్లో మట్టి పలకగా మళ్లీ చూశాను. ఐవీ తీగ నిజంగానే దాని నోట్లోంచి పాకుతోంది.

గ్లాస్టన్‌బరీ హై స్ట్రీట్ గురించి ఎక్కువ చెప్పను. దేవతా విగ్రహాలు, స్ఫటికాలు, డ్రాగన్లు, ఇనప బాణళ్లు, ఎండుటాకుల కట్టలు షాపుల నిండా ఉన్నాయి. ఆవిడ వాటి ముందు నుంచి ఆగకుండా నడిచారు. ఒక్క చోట ఆగి, ధూపం వేసే వైట్ సేజ్ కట్టలు చూపించి, "ఇది అమెరికా ఆదివాసులది. వాళ్ల పూజకే దొరక్కుండా మనం కొనేస్తున్నాం. నేను ముట్టను" అన్నారు. ఆవిడ ధూపం పెరట్లో పెరిగిన రోజ్‌మేరీ, మగ్‌వర్ట్.

ముందు నీళ్లకి వెళ్దామన్నారు. టోర్ గుట్ట కింద వెల్‌హౌస్ లేన్ అని సన్నటి సందు ఉంది. ఆ సందుకి ఒక పక్క చాలిస్ వెల్ నీళ్లు, ఇంకో పక్క వైట్ స్ప్రింగ్ నీళ్లు. రెంటికీ బయట పంపులున్నాయి, ఎవరైనా పట్టుకోవచ్చు. చాలిస్ వెల్ నీళ్లలో ఇనుము ఉంది, పారిన చోటల్లా రాయి తుప్పు రంగుకి తిరిగింది. రెండో దాంట్లో సున్నం, పారిన చోట తెల్లటి పొర కడుతుంది. ఇక్కడి పేగన్లు మొదటిదాన్ని ఎర్ర ఊట అనీ, రెండోదాన్ని తెల్ల ఊట అనీ పిలుస్తారు. రెండూ అమ్మవారివే.

నాకు వెంటనే అమ్మమ్మ ఇంటి అరుగు గుర్తొచ్చింది. సంక్రాంతికి ముందు అరుగులకి జాజు పూసి, అంచున సున్నం పట్టీలు తీసేవాళ్లు. జాజులో ఉండేది ఇనుమే, పట్టీలో ఉండేది సున్నమే. ఆ రెండే ఇక్కడ కొండలోంచి నీళ్లుగా వస్తున్నాయి. ఈ మాట ఆవిడతో చెప్తే సీసాలు నింపడం ఆపి, "అరుగంటే ఏమిటి? ఎవరు పూసేవాళ్లు? ఎన్ని రోజులు ఉండేది?" అని వరసగా అడిగారు. వానలకి పోయేది, మళ్లీ ఏడాది పూసేవాళ్లు అన్నాను. "అదే, అదే" అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తర్వాత తెలిసింది.

ఆవిడది వరస ఇళ్లలో ఒక చిన్న ఇల్లు. వీధి తలుపు పైన రెండు రోవన్ చెట్టు పుల్లలు అడ్డంగా, నిలువుగా పెట్టి ఎర్ర దారంతో కట్టి ఉన్నాయి. మన నిమ్మకాయ మిరపకాయల్లాగా దిష్టికా అని అడిగాను. అవునన్నారు. ఒకప్పుడు పల్లెల్లో మంత్రగత్తెలు లోపలికి రాకుండా కట్టేవాళ్లట. ఈ దేశంలో పాత ఇళ్ల దూలాల మీద, పొయ్యి రాళ్ల మీద వృత్తలేఖినితో గీసిన ఆరు రేకుల పువ్వులుంటాయి. అవి కూడా అందుకేనంటారు. గీసినవాళ్లు చర్చికి వెళ్లే మామూలు జనం. "ఎవరు రాకూడదని ఇది కట్టారో, ఆ పేరు ఇప్పుడు నేను పెట్టుకున్నాను. మా గుమ్మానికీ కట్టుకున్నాను. ఇంటిని కాపాడమని అడగడానికి అందరికీ ఒకే చెట్టు ఉంది" అన్నారు.

లోపల పొయ్యి పక్కన పుల్లల చీపురు, కుచ్చు పైకి పెట్టి ఉంది. దుమ్ము ఊడ్చేది అది కాదు. పూజకి ముందు గది గాలిని ఊడుస్తారట, నేలకి తగలనివ్వరు. పొయ్యి పైన గోధుమ గడ్డితో జడలా అల్లిన బొమ్మ. కార్న్ డాలీ అంటారు. కోతల్లో ఆఖరి కట్టతో అల్లి, చలికాలమంతా ఇంట్లో ఉంచి, వసంతంలో దున్నేటప్పుడు మళ్లీ చాల్లో వేయడం పాత అలవాటు. పంట ప్రాణం అందులో ఉంటుందని నమ్మకం. మా వైపు కొత్త ధాన్యం కంకులు కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకి కడతాం కదా, దాన్ని చూసినట్టే ఉంది.

ఉత్తరం గోడ దగ్గర ఒక చెక్కపెట్టె, దాని మీద నల్లబట్ట. అదే పీఠం. ఉత్తరాన గిన్నెలో పెరటి మట్టి, తూర్పున ఈక, ధూపం, దక్షిణాన కొవ్వొత్తి, పడమర మేం తెచ్చిన నీళ్లు. నడుమ చెక్క మీద చెక్కిన ఐదు కోణాల చుక్క. నాలుగు కోణాలు ఆ నాలుగింటికి, ఐదోది ఆత్మకి. వెనక ఒక పక్క అడవిలో రాలిన జింక కొమ్ము, కొమ్ముల దేవుడికి. ఇంకో పక్క నీటి ఒరిపిడికి తనంతట తనే చిల్లుపడ్డ రాయి, దేవతకి. విగ్రహమంటూ ఒక్కటీ లేదు. స్టాఫ్ రూం కిటికీ గట్టు మీది గవ్వ ఇక్కడ నీళ్ల పక్కన కనిపించింది. పాత చుట్టాన్ని చూసినట్టు అనిపించింది.

ఎందుకు అన్నేళ్లు చెప్పలేదని అప్పుడు అడిగాను. చిన్నప్పుడు ఇంట్లో బీరువా లోపలి తలుపుకి చందమామ బొమ్మ అంటించుకుని, తలుపు తీసి దండం పెట్టుకునేవారట. తర్వాత అద్దె ఇళ్లల్లో కొవ్వొత్తి వెలిగించనిచ్చేవాళ్లు కాదు. వంటింటి అలమరలో ఉప్పు, గరిట, రోజ్‌మేరీ మొక్క ఉంటే చాలని నేర్చుకున్నారు. చూసేవాళ్లకి అది వంట సామాను, ఆవిడకి పీఠం. మంత్రవిద్య మీద 1735 నాటి చట్టం ఈ దేశంలో 1951లో గానీ రద్దు కాలేదు. జెరాల్డ్ గార్డ్‌నర్ విక్కాని నలుగురిలోకి తెచ్చింది ఆ తర్వాతే. చట్టం పోయినా భయం అంత తొందరగా పోలేదు, ముఖ్యంగా పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగంలో.

ఇదంతా నిజంగా పాతదేనా అని కూడా అడిగాను. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. సావిన్, మే మొదట్లో వచ్చే బెల్టెయిన్ ఐర్లండులో నిజంగా పాత పండుగలు. కానీ ఏడాదిని ఎనిమిది పండుగల చక్రంగా కూర్చింది 1950లలోనే అని ఆవిడే చెప్పారు. "చక్రం కొత్తది. చలి పాతది, కోత పాతది" అన్నారు. నాకు ఆ జవాబు నచ్చింది. పాతదని అబద్ధం చెప్పి గౌరవం అడగలేదు.

ఎనిమిది పండుగలకి ఎనిమిది రకాల అలంకరణ, మరి ఈ సామానంతా ఎక్కడ పెడతారని చూశాను. అటక మీద పెట్టెలు లేవు, మెట్ల కింద సంచులు లేవు. సొరుగులో మడత పెట్టిన బట్టలు మాత్రం ఉన్నాయి. ఫిబ్రవరిలో బ్రిజిడ్ దేవత కోసం తెల్లది, మేలో ఆకుపచ్చది, ఆగస్టులో పసుపుపచ్చది. మిగతావన్నీ బయటి నుంచి వచ్చి బయటికే పోతాయి. ఫిబ్రవరిలో తుంగతో అల్లిన బ్రిజిడ్ శిలువ మళ్లీ ఫిబ్రవరి దాకా గుమ్మం మీద ఉండి, కొత్తది రాగానే పొయ్యిలోకి వెళ్తుంది. పూలు వాడితే ఎరువు గుంటలోకి. "తీసేయనిది అలంకరణ అవుతుందేమో గానీ పూజ కాదు, నా వరకు" అన్నారు.

బ్రిస్టల్‌లో మా గుమ్మానికి ఆరేళ్లుగా ప్లాస్టిక్ మామిడాకుల తోరణం ఉంది. ఎండదు కాబట్టి తీయలేదు. తీయలేదు కాబట్టి చూడటం కూడా మానేశాను. అమ్మ ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేది. అందరి కాళ్ల కింద పడి ఆదివారానికి చెరిగిపోయేది. చెరిగిపోయేదానికి అంత శ్రమ ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "మళ్లీ శుక్రవారం వస్తుంది కదే" అనేది.

ఐదు కాకముందే పొద్దు గుంకింది. పశువుల మేతకి వేసే మాంగెల్ దుంపని తొలిచి, ముఖం కోసి లోపల దీపం పెట్టారు. సోమర్సెట్‌లో గుమ్మడికాయ రాకముందు దీపాలకి ఇదేనట. పీఠం మీద ఆవిడ అమ్మానాన్నల ఫోటోలు, పోయిన స్నేహితురాలి కళ్లజోడు, దానిమ్మ, ఆపిల్ పళ్లు. పక్కన ఖాళీ జాగా చూపించారు. అమ్మ ఫోటో పెట్టాను. తెనాలిలో దండేసిన ఫోటో కాదు, పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర నవ్వుతున్నది. అడ్డంగా కోసిన ఆపిల్‌లో గింజల చుక్క చూపించి, సగం ఫోటో ముందు ఉంచారు.

ఆ రాత్రి భోజనం మాటల్లేకుండా తినాలి. బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, వాళ్లకి ముందు వడ్డించాలి. నేను చేసుకెళ్లిన పులిహోర ఆ పళ్లెంలో పెట్టాను. అమ్మకి కాఫీ ప్రాణం అని చెప్తే, వంటింట్లో వెతికి ఆవిడే కలిపి తెచ్చారు. మట్టి కప్పులో కాఫీ ఆ ఖాళీ కుర్చీ ముందు చల్లారిపోయేదాకా మేమిద్దరం మాట్లాడలేదు. జులైలో ఇంటి నిండా జనం, మాటలు. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆవిడ లేచి రాలేదు, ఊరుకోమనలేదు. దీపం వత్తి సరిచేసి మళ్లీ కూర్చున్నారు.

పొద్దున్న లేచేసరికి ఆవిడ పీఠం మీద నుంచి ఆపిల్ ముక్కలు తీసి చెట్టు మొదట్లో పాతిపెడుతున్నారు. పులిహోర పళ్లెం రాత్రే పెరటి గోడ మీద పెట్టారు. ఇక్కడ జాక్‌డా అని చిన్న కాకి ఉంటుంది, మెడ వెనక బూడిద రంగు, కళ్లు తెల్లగా ఉంటాయి. పొగగొట్టం మీద నుంచి ఒకటి గోడ మీదికి దిగింది. అటూ ఇటూ చూసి, మూడు మెతుకులు తీసుకుని ఎగిరి, మళ్లీ వచ్చింది. ఈసారి రెండు వచ్చాయి.

టైం ఎనిమిదిన్నర. తెనాలిలో మధ్యాహ్నం రెండు, అన్నయ్య భోజనం చేసి పడుకుని ఉంటాడు. అయినా ఫోన్ చేశాను. "అన్నయ్యా, కాకి ముట్టింది" అన్నాను.