18 మిల్లీసెకన్ల కోసం రెండేళ్ళు

ఒక్కో అద్దానికి సుమారు రెండు వేల చుక్కలు. ముందు అద్దం వెనక వైపంతా తెల్ల పెయింట్ కొట్టాలి. అది ఆరాక నల్ల మార్కర్‌తో అడ్డదిడ్డంగా చుక్కలు పెట్టాలి. వరసగా పెడితే పనికిరావు, ఏ చుక్క ఏదో తెలియక సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. కావాలని అడ్డదిడ్డంగా పెట్టడం ఎంత కష్టమో పెట్టి చూస్తేగానీ తెలియదు. చెయ్యి దానంతట అదే వరసలోకి వెళ్ళిపోతుంది. మొదటి అద్దానికి నాకు రెండు రోజులు పట్టింది. పేలుడు తాకిడికి అద్దం వంగేటప్పుడు ఆ చుక్కల్ని రెండు హైస్పీడ్ కెమెరాలు రెండు కోణాల నుంచి చూస్తాయి. ఏ చుక్క ఎటు ఎంత జరిగిందో లెక్కగట్టి, అద్దం ఎక్కడ ఎంత వంగిందో తేలుస్తారు. అసలు తతంగమంతా 18 మిల్లీసెకన్లలో అయిపోతుంది. కనురెప్ప ఒకసారి వాలేంత టైమ్ కూడా కాదు.

నా పీహెచ్‌డీ, పేలుడు తాకిడికి కిటికీ అద్దాలు ఎంతవరకు తట్టుకుంటాయన్న దాని మీద. ఈ మాట చెప్పగానే "అయితే బాంబులు కూడా చేస్తారా?" అంటారు. మా ల్యాబ్‌లో పేలుడు పదార్థం ఒక్క గ్రాము కూడా లేదు. ఉన్నది షాక్ ట్యూబ్, అంటే పొడవాటి ఉక్కు గొట్టం. ఒక కొసన ఉన్న చిన్న గదిలో గాలిని బాగా ఒత్తిడితో నింపుతాం. దానికీ మిగతా గొట్టానికీ మధ్య పల్చటి అల్యూమినియం రేకు ఉంటుంది. ఆ రేకు చిరిగిందంటే లోపలి గాలి ఒక్క ఉదుటున ముందుకు దూకి షాక్ అలగా మారి, అవతలి కొసన ఉన్న మా అద్దాన్ని తాకుతుంది.

"గాలి ఊదినదాన్ని పేలుడంటే ఎలా ఒప్పుకోవాలి?" అని రివ్యూ కమిటీలో ఒకాయన అడిగారు. అవతల ఏం పేలిందో అద్దానికి తెలియదు సార్, తన మీద ఎంత ఒత్తిడి పడింది, ఎంతసేపు ఉంది అన్నదే దానికి లెక్క అన్నాను. బోర్డు మీద ఫ్రీడ్‌లాండర్ వక్రరేఖ గీశాను. ఒత్తిడి నిట్టనిలువుగా లేస్తుంది, అక్కణ్ణుంచి చరచరా పడిపోతుంది, కాసేపు మామూలు గాలి ఒత్తిడి కన్నా కిందికి దిగి మళ్ళీ సర్దుకుంటుంది. ఆ కిందికి దిగే భాగాన్ని తొందరలో చిన్న గీతతో సరిపెట్టేశాను. తర్వాత ఘనమూలం సూత్రం చెప్పాను. 1915లో హాప్కిన్సన్, 1926లో క్రాంజ్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పింది ఇదే. దూరం రెట్టింపైతే, అంతే ఒత్తిడి రావాలంటే పేలుడు పదార్థం ఎనిమిది రెట్లు కావాలి, అల నిలిచే సమయమూ రెట్టింపవుతుంది. ఆయన తలూపారు. ఒప్పుకున్నారో, టీ టైమ్ అయిందో తెలియదు.

ఇన్ని ఉండగా అద్దమే ఎందుకంటే, గోడలు నిలిచిన చోట కూడా మనుషుల్ని కోసేది అదే కాబట్టి. 1917 డిసెంబర్ 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు నింపిన ఓడ అంటుకుంది. జనం కిటికీల దగ్గర చేరి మంటల్ని చూస్తున్నారు. ఓడ పేలింది, వందల మంది కళ్ళు గాజు పెంకులకు దెబ్బతిన్నాయి. 2020 ఆగస్టు 4న బీరూట్‌లో 2750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలినప్పుడూ అదే కథ. ముందు పొగ కనిపించింది, చాలామంది ఫోన్లు పట్టుకుని కిటికీల్లోకీ బాల్కనీల్లోకీ వచ్చారు. వెలుగు వెంటనే కనిపిస్తుంది. కిలోమీటరు అవతల ఉన్నవాళ్ళకి అల చేరేది మాత్రం రెండు మూడు సెకన్ల తర్వాతే.

నేను తీసుకున్నది లామినేటెడ్ గాజు. 3 మిల్లీమీటర్ల గాజు పలకలు రెండు, మధ్యలో 1.52 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర. దాని అంచుల్ని లోహపు ఫ్రేమ్‌కి సిలికాన్ జిగురుతో అతికిస్తాం, ఆ జిగురు గట్టిగా పట్టడానికి ముందు ప్రైమర్ పూస్తాం. అద్దం కొలత 1.25 మీటర్లు, 1.5 మీటర్లు. దాని మీద పడే ఒత్తిడి గరిష్ఠంగా 30 కిలోపాస్కల్స్. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది గానీ, అంత విస్తీర్ణం మీద అది దాదాపు 5.7 టన్నుల బరువు ఒక్కసారిగా మోపినట్టు. కంప్యూటర్ మోడల్ చేయడానికే ఏడాది గడిచింది. పలక నడిమి భాగం దగ్గర దగ్గర 200 మిల్లీమీటర్లు వెనక్కి ఉబ్బుతుంది, పగుళ్ళొస్తాయి, కానీ ఊడి రాదు అని లెక్క తేలింది.

మొదటి షాట్ రోజు అందరం కంట్రోల్ రూమ్‌లో ఉన్నాం. ఢామ్మని మోత వచ్చింది. పరుగున వెళ్ళి వీడియో తెరిచాను. తెల్లటి అద్దం, నల్లటి చుక్కలు. మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ దాకా ఒక్క చుక్క కదల్లేదు. అవతల అసలు అద్దం సాలెగూడులా పగిలి ఉంది.

కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. రేకు చిరిగినప్పటి అదురు గొట్టం ఉక్కులోంచి సెకనుకు దాదాపు 5000 మీటర్ల వేగంతో పాకి, ఒత్తిడి కొలిచే గేజ్‌ని కుదిపింది. గాలిలో అల వేగం అందులో పదో వంతు కూడా ఉండదు. గేజ్ ఆ అదురునే పేలుడనుకుని కెమెరాలకు ట్రిగ్గర్ ఇచ్చింది. నేను పెట్టుకున్న రికార్డింగ్ 25 మిల్లీసెకన్లే. అసలు అల అద్దాన్ని చేరేసరికి కెమెరాల మెమరీ నిండిపోయింది. రెండు రోజుల చుక్కల పని గంగపాలు. గేజ్ కింద రబ్బరు వాషర్ వేసి, ట్రిగ్గర్ హద్దు పెంచి, మళ్ళీ మార్కర్ పట్టుకుని కూర్చున్నాను.

రెండో షాట్‌కి కెమెరాలు పనిచేశాయి. సెకనుకు 5000 ఫ్రేములు, అంటే 18 మిల్లీసెకన్లకి 90 బొమ్మలు. పదిహేనో బొమ్మలో పగుళ్ళు మొదలయ్యాయి, అద్దం ఉబ్బడం మొదలెట్టింది, అంతా నా మోడల్ చెప్పినట్టే నడుస్తోంది. నలభయ్యో బొమ్మ దగ్గర అద్దం కింది అంచు లోహపు ఫ్రేమ్ నుంచి బయటికి జారింది. ఆ తర్వాత మొత్తం పలక తడి దుప్పటిలా మడతపడుతూ ఎగిరిపోయింది. మూడు మీటర్ల వెనక గోడ కింద దొరికింది.

మా ల్యాబ్ టెక్నీషియన్ ఒక మాటా మాట్లాడకుండా ఫ్రేమ్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గాడిలో వేలు పెట్టి తిప్పాడు. "ఇటు చూడు బాబూ. లోహం నున్నగా ఉంది. సిలికాన్ తెగితే ఇక్కడ కొంత అంటుకుని ఉండాలి. ఇది తెగలేదు, ఊడింది. ప్రైమర్ ఆరనిచ్చావా?"

ఆరనివ్వలేదు. ఆ రోజు సాయంత్రం బస్సు పోతుందని తొందరపడ్డాను. ఆ మాట టెక్నీషియన్‌తో చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది.

గైడ్ వీడియో చూసి ఒక్కటే అడిగారు. "మోడల్‌లో అంచుల దగ్గర ఏం పెట్టావు?"

"ఫిక్స్‌డ్ సార్."

"ఏ కిటికీ ఫిక్స్‌డ్?"

నా లోపం ప్రైమర్ ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది. పగలక ముందు గాజు బిర్రుగా వంగుతుంది. పగిలాక లాగుడుని తట్టుకునే బలం దానికి ఉండదు, మధ్యలోని ప్లాస్టిక్ పొరే గుడ్డలా సాగుతుంది. గుడ్డ నడుమ బరువు పడితే నాలుగు అంచులూ లోపలికి గుంజుకుపోతాయి కదా, ఇక్కడా అంతే. ఆ గుంజుడంతా మోయాల్సింది సిలికాన్ పట్టీ. నేనేమో అంచుల్ని కదలని గోడల్లా పెట్టి, నడిమి భాగం గురించి ఏడాది పాటు రాసుకుంటూ పోయాను.

తర్వాత అయిదు నెలలు సిలికాన్ ముక్కల్ని మెల్లగా, వేగంగా లాగి తెంపడమే పని. చెప్పుకోదగ్గ సంగతులేం లేవు. విసుగు తప్ప. ఎంత బలానికి సాగుతుందో, ఎంతకి తెగుతుందో తేలాక మోడల్ అంచుల్లో స్ప్రింగులు పెట్టాను. కొత్త అద్దానికి ప్రైమర్ పూర్తిగా ఆరనిచ్చి, సిలికాన్ పట్టించి, మూడు వారాలు దాని జోలికి పోలేదు. ప్లాస్టిక్ పొర వేడికి మెత్తబడుతుంది కాబట్టి గది ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు వచ్చేదాకా షాట్ ఆపాం. టెన్షన్‌తో నేను థర్మామీటర్ వైపు చూస్తుంటే, టెక్నీషియన్ తాపీగా ఫ్రేమ్ బోల్టులు మరోసారి బిగించాడు.

మూడో అద్దం పగిలింది. ఉబ్బింది. ఫ్రేమ్‌ని మాత్రం వదల్లేదు. కొలిస్తే నడిమి భాగం 187 మిల్లీమీటర్లు జరిగింది, కొత్త మోడల్ 194 అంది. గ్రాఫ్ రెండు గీతలతో ప్రింట్ తీసి, కాస్త గర్వంగానే, గైడ్ టేబుల్ మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. గీతలు ఆగిపోయిన చోట పెన్సిల్ కొస ఆనించారు.

"బాగుంది. 18 దగ్గర ఆపేశావేం? ఒత్తిడి కిందికి దిగాక అద్దం వెనక్కి లాక్కుంటుంది కదా. 19లో ఏమైంది?"

వీడియోలో మిగతా ఫ్రేములు ఉన్నాయి. నేనే చూడలేదు.