మెషిన్ సున్నా చూపించినా ఆగని వణుకు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే చౌటుప్పల్ దాటాక మొదలైంది. 80 దాకా కారు బుద్ధిగానే ఉంది. 90కి వచ్చేసరికి స్టీరింగ్ చేతుల్లో గజగజలాడింది, 100 దాటాక కాస్త సర్దుకుంది. బ్రేకు తొక్కి చూశాను, వణుకు పెరగలేదు. అంటే బ్రేకు డిస్కుల తప్పు కాదన్నమాట.

తిరిగొచ్చాక టైర్ల షాపులో చెప్తే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసి పంపారు. దండగ ఖర్చు. బండి ఒక పక్కకి లాగుతున్నా, టైరు ఒక అంచునే అరుగుతున్నా దానితో పని. ఒక స్పీడు దగ్గరే వచ్చి పోయే వణుకుకి ముందు చూడాల్సింది బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానమయ్యేలా రిమ్ముకి చిన్న బరువు ముక్కలు తగిలించడం. ఈ ముక్క నాకప్పుడు తెలీదు.

మళ్లీ వెళ్లి బ్యాలెన్సింగ్ చేయించాను. ముందు వైపు ఎడమ చక్రానికి మెషిన్ లోపలి వైపు 45, బయటి వైపు 25 గ్రాములు అడిగింది. కుర్రాడు సీసం ముక్కలు కొట్టి సున్నా చూపించాడు. ఇంత చిన్న ముక్కలకి అంత కారు ఊగుతుందా అని ఇంటికొచ్చి లెక్క కట్టాను. 100 స్పీడులో నా కారు చక్రం సెకనుకి దాదాపు 15 సార్లు తిరుగుతుంది. అప్పుడు రిమ్ము అంచున ఒకవైపు 30 గ్రాములు ఎక్కువున్నా అది సుమారు 5 కిలోల బలంతో చక్రాన్ని గుంజుతుంది. స్పీడు సగమైతే ఆ బలం నాలుగో వంతే. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియకపోవడానికి కారణం అదే.

అయినా వణుకు తగ్గింది గానీ పోలేదు. ఈసారి మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి, "ఒక రౌండు కొట్టి రండి సార్" అన్నాడు. వెళ్లొచ్చాను. స్టీరింగ్ నిమ్మళంగా ఉంది, సీటు కింద మాత్రం గిలగిల! దొంగ చక్రంతో పాటే వెనక్కి వచ్చాడు.

ఆ ఎడమ చక్రాన్నే విప్పించి మెషిన్‌కి ఎక్కించాడు. అంటించిన ముక్కలు చూసి, "ఒక్క చక్రానికి ఇన్ని గ్రాములా? అప్పుడే అనుమానం రావాలె" అని, స్క్రూడ్రైవర్ కొన రిమ్ము లోపలి అంచుకి దగ్గరగా పట్టుకుని చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. ఒకచోట కొన తగిలింది, ఎదురుగా వేలు దూరేంత సందు. "గిది బ్యాలెన్సింగ్‌తోని పోదు సార్. బరువు సమానమే, చక్రమే గుండ్రంగ లేదు."

గుంతలో పడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలంలో, నీళ్లు నిండిన గుంత. బయటి నుంచి గీత కూడా లేదు, వంకర పోయింది లోపలి అంచే.

కొత్త ఇనప రిమ్ము వేయించాను. పాత టైరే, లోపల ఉబ్బు లేదని చూశాకే ఎక్కించాడు. ఈసారి మెషిన్ అడిగింది మొత్తం 15 గ్రాములు. అలైన్‌మెంట్‌కి తగలేసిన డబ్బు సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.